నాలుగో గేటు దగ్గర తొమ్మిది సెకన్లు

మార్చి పంతొమ్మిది, గురువారం. ఆ పొద్దున నేను తిన్నది రెండు మాడిన రొట్టె ముక్కలు, ఇరవై రెండు నిమిషాలు ఉడికిన ఒక గుడ్డు. గుడ్డు పొయ్యి మీద ఉండగా ఎవరో తలుపు కొట్టారు, అందుకే అది అంతసేపు ఉడికింది. వచ్చినామె వెళ్ళాక దాన్ని ఒలిచి, ఉప్పు కూడా వేసుకోకుండా నిలబడే తినేశాను. నా భార్య ఉన్నప్పుడు రొట్టె మీది నలుపు చాకుతో గీకి ఇచ్చేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయినా ఆ ఓపిక నాకింకా పట్టుబడలేదు.

వచ్చినామె స్కూలు బస్సు డ్రైవరు. నా భార్య పాఠాలు చెప్పిన స్కూలే. చివరి ఏడాది ఆవిడ కాళ్ళు వాచి ఇబ్బంది పడుతుంటే, రోజూ ముందు సీటు ఖాళీగా అట్టేపెట్టింది ఈమే. బస్సు తాళాలు గుప్పిట్లోనే ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

“మా తమ్ముణ్ణి పట్టుకెళ్ళారు సార్.”

“ఎవరు?”

“ఎయిర్‌పోర్టు పోలీసులు. ఎవరో ప్యాసింజరుని చంపబోయాడంట. వాడు ఇంట్లో బొద్దింక కనపడినా చీపురుతో బయటికి తోలతాడు. చంపేది నేను, తోలేది వాడు.”

ఆమె తమ్ముడు ఒక విమాన కంపెనీలో గేటు దగ్గర పనిచేస్తాడు. బోర్డింగ్ కార్డులు చూసి లోపలికి పంపడం, పెద్ద బ్యాగులు పట్టుకొచ్చినవాళ్ళని ఆపడం అతని పని. బ్యాగుని దూరం నుంచి చూసే కొలత చెప్పేస్తాడని తోటివాళ్ళు అతన్ని టేపు అంటారు.

“సాయంత్రం ఆరింటికి మేజిస్ట్రేటు ముందు పెడతారంట సార్. హత్యాయత్నం అని రాస్తే వాడి ఎయిర్‌పోర్టు పాసు రద్దయిపోతుంది. ఒకసారి పోతే మళ్ళీ ఏ కంపెనీ తీసుకోదు. మా అడ్రసు చూసి రెండుసార్లు వెనక్కి పంపాక, మూడేళ్ళకి వచ్చిన పాసు అది.”

వాళ్ళ అడ్రసు వంతెన అవతలి కాలనీ. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ కాలనీకి నేను నలభైసార్లయినా వెళ్ళి ఉంటాను. ఒక్కసారి కూడా పిలిస్తే వెళ్ళలేదు.

ఆమె ఫోనులో వీడియో చూపించింది. పక్కనున్న ప్రయాణికుడెవరో తీసింది. తొమ్మిది సెకన్లు. స్తంభం పక్కనుంచి ఇద్దరు మనుషులు, మోకాళ్ళ పైకే సరిగ్గా కనిపిస్తున్నారు. లావుపాటి పెద్దమనిషి స్తంభం చాటున ఉన్న దేన్నో గట్టిగా లాగుతున్నాడు. యూనిఫారంలో ఉన్న కుర్రాడు ఒక్క అడుగు వేసి, కాలు ముందుకు విసిరాడు. పెద్దమనిషి వెనక్కి పడిపోయాడు. ఎవరో కేక వేశారు. అంతే.

మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అది తన్నులాగే కనిపించింది.

పదీ ఇరవైకి ఎయిర్‌పోర్టు పోలీసు ఔట్‌పోస్టులో ఉన్నాను. అక్కడి ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు నా కింద ఎస్సైగా పనిచేసినవాడు. చురుకైనవాడు, లంచం ముట్టనివాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కానీ కుర్చీ చూపించలేదు.

“రండి గురువుగారూ. రిటైరయ్యాక మోకాళ్ళు బాగుపడ్డట్టున్నాయి, ఇంత దూరం నడిచొచ్చారు.”

“మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కేసు నడిపించింది.”

“ఇందులో కేసేముందండీ, తొమ్మిది సెకన్ల సినిమా. కుర్రాడు తన్నాడు, పెద్దమనిషి పడ్డాడు, శుభం కార్డు.”

“గేటు చూశావా?”

“సినిమా చూశాక థియేటరు కూడా చూడాలా?”

పక్క టేబులు దగ్గర రాసుకుంటున్న హెడ్ కానిస్టేబులు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. నేను ఫిర్యాదు కాపీ అడిగాను. ముద్దాయి అక్కకి ఇవ్వాల్సిన కాగితమే కాబట్టి ఇన్‌స్పెక్టరు కాదనలేదు. ఫిర్యాదు నమోదైన సమయం ఉదయం ఏడూ ఇరవై ఐదు. ఫిర్యాదుదారు వివరం ‘ప్రముఖ బిల్డరు’ అని మొదలైంది. ముద్దాయి వివరం ‘వంతెన అవతలి కాలనీ నివాసి’ అని మొదలైంది. అతని ఉద్యోగం నాలుగో లైనులో ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

టేపుని పాత కుర్చీలు పడేసే గదిలో కూర్చోబెట్టారు. పాతికేళ్ళుంటాయి. పై పెదవి చిట్లింది. మెడ చుట్టూ, కాలరుకి కాస్త పైన, ఎర్రటి గీత.

“ఇదేంటి?”

“మెడలో కార్డు తాడు సార్. దాన్ని పట్టుకునే లాగారు.”

“వీళ్ళకి చూపించావా?”

“ఏడూ ఇరవైకి నేనే వచ్చాను సార్, ఫిర్యాదు ఇవ్వడానికి. కూర్చోమన్నారు. మెడ చూపిస్తే పౌడరు రాసుకోమన్నారు. ఎనిమిదిన్నరకి ఫోను తీసేసుకుని నువ్వే ముద్దాయివి అన్నారు.”

“మొదటి నుంచి చెప్పు. టైములతో.”

అతను చేతివేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ చెప్పాడు. విమానం ఏడూ పదిహేనుకి. గేటు ఆరూ యాభై ఐదుకి మూస్తారు. పెద్దమనిషి వచ్చింది ఆరూ నలభై తొమ్మిదికి. చేతిలో బ్యాగు రెండంగుళాలు ఎక్కువ. కొలత చట్రంలో పెట్టమంటే, నీ మొహానికి నేను కొలత చూపించాలా అని తిట్టాడు. కార్డు తాడు పట్టుకుని లాగాడు, చెంప మీద కొట్టాడు.

“నువ్వేం చేశావు?”

అతను నేల చూశాడు.

“తోశాను సార్. ఊపిరాడకపోతే రెండు చేతులతో తోశాను. రెండడుగులు వెనక్కి వెళ్ళారు, పడలేదు. అక్కకి ఈ సంగతి చెప్పకండి. నేను చెయ్యెత్తలేదనే అనుకుంటోంది.”

“పడింది ఎప్పుడు?”

“తర్వాత. పక్కవాళ్ళు సర్దిచెబితే బ్యాగు చట్రంలో కుక్కారు. అది ఇరుక్కుంది. బలంగా లాగడం మొదలెట్టారు. అప్పుడు నేను కాలు పెట్టాను.”

“తన్నావా?”

“అయ్యో, చట్రం మీద పెట్టాను సార్. అది లేస్తుంది కదా.”

“లేవడమేంటి?”

అతను నోరు తెరిచేలోపు ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి గడియారం చూపించాడు. “గురువుగారికి పది నిమిషాలిచ్చాను. పన్నెండయ్యాయి.”

గేటు దాకా వెళ్ళడానికి విమాన కంపెనీ డ్యూటీ మేనేజరు విజిటరు పాసు ఇప్పించాడు. టై కట్టుకున్న మర్యాదస్తుడు. మాట మాటకీ ‘మా స్టాఫు మా కుటుంబం’ అంటున్నాడు, ఆ కుటుంబంలోని కుర్రాడు ఎక్కడ కూర్చున్నాడో మాత్రం అడగలేదు. విజిటర్లు ఫోను కౌంటర్లో ఇచ్చి వెళ్ళాలన్నాడు. ఇచ్చేశాను. ఆ ఒక్క పనికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూ ఉంటాను.

పదకొండూ నలభైకి నాలుగో గేటు ఖాళీగా ఉంది. ఆ పొద్దున డ్యూటీలో ఉన్న షిఫ్టు ఇన్‌చార్జి అమ్మాయి నా కోసం ఆగింది. కొలత చట్రం కౌంటరు పక్కనే ఉంది. నడుము ఎత్తు ఇనుప పెట్టె, పైన మూత లేదు. బ్యాగు అందులో దిగితే విమానంలోకి పంపుతారు, దిగకపోతే లేదు. కింద చదునైన ఇనుప పలక. పలకకి నాలుగు మూలలా నాలుగు బోల్టుల రంధ్రాలు. రెండింట్లో బోల్టులు లేవు.

“మీవాడు అది లేస్తుంది అన్నాడమ్మా. ఏమిటి లేచేది?”

ఆ అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. మూల నుంచి ఒక మరిచిపోయిన బ్యాగు తెచ్చి, మోకాలితో నొక్కి చట్రంలో దింపింది.

“లాగండి బాబాయ్‌గారూ. మెల్లిగా లాగితే రాదు.”

గట్టిగా లాగాను. బ్యాగు రాలేదు. చట్రమే మొత్తంగా లేచి నా మీదికి వాలింది. ఒక్కసారి బ్యాగు ఊడి చేతిలోకొచ్చేసరికి నేను వెనక్కి తూలాను. నేల తుడుస్తున్న క్లీనరు నా వీపుకి చీపురు కర్ర అడ్డం పెట్టకపోతే నేను కూడా ఆ పెద్దమనిషిలాగే హాస్పిటల్లో తేలేవాణ్ణి.

“ఇంకోసారి లాగండి,” అంది అమ్మాయి. ఈసారి నేను లాగకముందే ఒక అడుగు ముందుకేసి, కుడికాలు పలక మీద బలంగా వేసింది. చట్రం కదల్లేదు. బ్యాగు బిరడాలాగా ఊడొచ్చింది.

“మేమందరం ఇంతే. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్తాం, బ్యాగు ఇరుక్కుంటే ముందు కాలు, తర్వాత చెయ్యి అని. ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా ఉండదు, కాలు దానంతటదే వెళ్ళిపోతుంది.”

ఆ కాలు ఎలా వెళ్ళిందో నేను చూశాను. స్తంభం పక్కన నిలబడి చూస్తే పలక కనపడదు. విసురుగా ముందుకెళ్ళిన కాలు మాత్రమే కనపడుతుంది. తనని కొట్టిన మనిషి పడిపోకూడదని పెట్టిన కాలు. అర సెకను ఆలస్యమయింది, అంతే.

“ఇది పాడయిందని పైవాళ్ళకి తెలియదా?”

అమ్మాయి కౌంటరు లోపలి నుంచి రిపేర్ల పుస్తకం తీసింది. జనవరి ఆరు, ఫిబ్రవరి రెండు, మార్చి పదకొండు. మూడుసార్లూ ఒకే చేతిరాత. ‘నాలుగో గేటు చట్రం బోల్టులు లేవు. ప్రయాణికులకి దెబ్బ తగలవచ్చు.’ కింద టేపు సంతకం. పక్కన ‘చేసిన పని’ అనే గడి మూడుచోట్లా ఖాళీ.

క్లీనరు నన్ను వెనక వరస కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇనుప చేతికి, రబ్బరు తొడుగుకి మధ్య సందులో గోధుమరంగు మరక. “ఆయన తల తగిలింది ఇక్కడే. మొత్తం తుడిచాను, ఈ సందులో పోలేదు. పోలీసులొచ్చి చూస్తారని ఊరుకున్నా. ఒక్కరూ రాలేదు సార్.”

హాస్పిటలుకి చేరేసరికి ఒంటిగంటన్నర. బిల్డరు తలకి కట్టుతో మంచం మీద కూర్చుని ఫోనులో ఎవరినో కేకలేస్తున్నాడు. భార్య కుర్చీలో కూర్చుని కమలాపండు తొనలు ఒలుస్తోంది. నేను ఎవరి తరఫున వచ్చానో ముందే చెప్పాను. గెంటేస్తాడనుకున్నాను. భార్య ఒక తొన నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆయన గెంటలేకపోయాడు.

“తన్ను ఎక్కడ తగిలింది?” అన్నాను.

“కాలికి.”

“ఏ కాలికి?”

ఆయన రెండు కాళ్ళూ చూసుకున్నాడు. “తగలకపోతే ఎలా పడతానయ్యా?”

“దెబ్బేమీ కనపడటం లేదు కదా అని డాక్టరుగారు కూడా అన్నారు,” అంది భార్య.

“నువ్వు ఊరుకో.”

“ఫిర్యాదులో తన్ని చంపబోయాడని ఉంది. ఆ మాట మీదేనా?”

“నేను తోశాడు అన్నాను. తోశాడు కూడా. మిగతాది వాళ్ళు రాసుకున్నారు, సంతకం పెట్టమంటే పెట్టాను. ఇక్కడే, ఈ మంచం మీదే. కుట్లు వేయించుకుని తల తిరుగుతుంటే చదువుతూ కూర్చుంటానా?”

బయటికొచ్చి, ఎమర్జెన్సీ వార్డు నర్సుని రిజిస్టరు చూపించమని బతిమాలాను. నా తెల్లజుట్టు చూసి కనికరించింది. తలకి ఆరు కుట్లు. వేసిన సమయం ఎనిమిదీ పది.

జేబులోని కాగితం విప్పాను. ఏడూ ఇరవై ఐదుకి, ఔట్‌పోస్టులో నమోదైన ఫిర్యాదు. మూడో పేరాలో ‘నా తలకు ఆరు కుట్లు పడినవి’.

నాలుగింటికి ఇన్‌స్పెక్టరు గదిలో ఆ కాగితం టేబులు మీద పెట్టాను. ఈసారి కుర్చీ నేనే లాక్కుని కూర్చున్నాను.

“పడబోయే కుట్లని నలభై ఐదు నిమిషాల ముందే లెక్కపెట్టాడా మీ పెద్దమనిషి?”

అతను చదివాడు. కనుబొమ్మ కూడా కదలలేదు. “టైపింగు తప్పు. ఎనిమిదీ ఇరవై ఐదు అయి ఉంటుంది.”

“మంచిది. అయితే ఏడూ ఇరవైకి మెడ చూపించుకుంటూ వచ్చిన కుర్రాడిది మొదటి ఫిర్యాదు. అదెక్కడ?”

 బయట హెడ్ కానిస్టేబులు పెన్ను ఆగిపోయింది.

“ముందొచ్చింది ఫిర్యాదు, వెనకొచ్చింది ఎదురు ఫిర్యాదు. ముందొచ్చినవాణ్ణి వెనక్కి నెట్టడానికి గడియారాన్ని ఒక గంట తిప్పారు. ఎంతిచ్చాడు?”

అది అనకుండా ఉండాల్సింది. అతని మొహం ఎర్రబడింది.

“గురువుగారూ, పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నేను ఒక టీ కూడా ఊరికే తాగలేదు. మీకు తెలుసు.”

“తెలుసు. తప్పు నాదే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మరెందుకు?”

“ఎందుకంటే నాకు అనుమానం లేదు కాబట్టి. అడ్రసు చూశాను, వీడియో చూశాను, సరిపోయింది.” అతను ముందుకి వంగాడు. “నేను చేరిన మొదటి వారం మీరేం చెప్పారో గుర్తుందా? ముందు అడ్రసు రాయి, సగం మనిషి అక్కడే తెలిసిపోతాడు అన్నారు. నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంకా ఉంది, చూపించనా?”

గుర్తుంది. ఆ మాట ఆ రాత్రి భోజనం దగ్గర గొప్పగా నా భార్యకి కూడా చెప్పాను. ఆవిడ వడ్డిస్తున్న గరిట ఆపి, “అయితే నా క్లాసులో పిల్లల్ని అడ్రసులు చూసి కూర్చోబెట్టనా?” అంది. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

“తప్పు చెప్పాను,” అన్నాను. “ఆ పేజీ చింపెయ్.”

అతను ఒక తెల్లకాగితం ముందుకి లాక్కున్నాడు. “తన్నలేదంటారు. మరి కాలెందుకు లేచింది?”

చెప్పాను. చట్రం సంగతి, లేని రెండు బోల్టులు, ముందు కాలు తర్వాత చెయ్యి, రిపేర్ల పుస్తకంలో మూడు తేదీలు, కుర్చీ సందులో మరక. పాత అలవాటు. ఒకప్పుడు ఇలాంటి టేబులుకి అటు పక్కన కూర్చుని అతనికి ఇలాగే కేసులు విప్పి చెప్పేవాణ్ణి. అతను ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాడు. మధ్యలో ఒకసారి లేచి బయటికెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు.

“సరే. ఇవాళ మేజిస్ట్రేటు దగ్గరికి పంపను. మీ పూచీ మీద వదుల్తాను. ఆ కాలనీకి మాత్రం వెళ్ళకూడదు, మీ ఇంట్లోనే ఉండాలి. రేపు పదింటికి గేటు దగ్గర సాక్షుల ముందు పంచనామా. చట్రం మీరన్నట్టు లేస్తే కేసు మూసేస్తాను, నా తప్పు నేనే రాసుకుంటాను.”

“లేవకపోతే?”

“హత్యాయత్నం. అతన్ని మీరే మీ చేత్తో తెచ్చి నాకు అప్పగించాలి. సంతకం పెట్టండి.”

పెట్టాను. పెన్ను అతనే ఇచ్చాడు.

ఆరింటికి టేపు బయటికొచ్చాడు. వాళ్ళక్క ఖాళీ స్కూలు బస్సు తెచ్చింది. తమ్ముణ్ణి చూడగానే వీపు మీద ఒక్కటి వేసి, “పెదవికి ఏమైనా రాశావా లేదా” అని అడిగింది. వాళ్ళ మాటలు వినపడకుండా నేను వెనక సీట్లో కూర్చున్నాను. మా ఇంటి దగ్గర మమ్మల్ని దించి, వంటింట్లో దొరికినవాటితో ఏదో వండి, ఇద్దరి చేతా తినిపించి, పొద్దున పిల్లల ట్రిప్పుందని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ మాడిన రొట్టెల పెనం కూడా తోమిపెట్టింది.

తొమ్మిదీ అయిదుకి ఫోను మోగింది. షిఫ్టు ఇన్‌చార్జి అమ్మాయి. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

“బాబాయ్‌గారూ, నాలుగో గేటు చట్రం మార్చేశారు.”

“ఎవరు?”

“మెకానిక్కులొచ్చారు. డ్యూటీ మేనేజరుగారు దగ్గరుండి చేయించారు. కొత్తది, నాలుగు బోల్టులూ మెరుస్తున్నాయి. పాతదాన్ని తుక్కు బండిలో పంపేశారు. మూడు వరసల కుర్చీలు కూడా కడిగించారు. రిపేర్ల పుస్తకం కౌంటర్లో లేదు, కొత్తది పెట్టారు.”

“ఎన్నింటికి?”

“నాలుగూ ముప్ఫై ఐదుకి మొదలెట్టారు. ఎవరో ఫోను చేశాక సారు పరిగెత్తుకుంటూ వచ్చారు. బాబాయ్‌గారూ, నేను చెప్పానని...”

“నువ్వు నాకు ఫోను చెయ్యలేదమ్మా. పడుకో.”

ఫోను పెట్టేసి కూర్చున్నాను. నాలుగింటికి ఆ గదిలోకి వెళ్ళాను. చట్రం సంగతి విప్పింది నాలుగూ ఇరవై ప్రాంతంలో. ఇన్‌స్పెక్టరు బయటికెళ్ళింది ఆ తర్వాతే. లోకంలో ఆ సంగతి నేను చెప్పింది ఒక్కడికే. అతను రాసుకుంటున్న ప్రతి లైనూ నాకు గౌరవంగా కనిపించింది. మాయం చెయ్యాల్సినవాటి జాబితా నేనే వరసగా చెప్పి రాయించాను.

రేపు పదింటికి సాక్షుల ముందు ఎవరో ఒక బ్యాగు దించి లాగుతారు. చట్రం కదలదు. కింద నా సంతకం ఉంటుంది. పాత చట్రం ఫొటో ఒక్కటీ నా దగ్గర లేదు. మిగిలింది జేబులో ఉన్న ఒక్క కాగితం, దాని మీద ఒక తప్పు టైము.

“ఎవరు సార్ ఫోను?” టేపు మంచినీళ్ళ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“రాంగ్ నంబరు. నువ్వు పడుకో. ఆ గదిలో మంచం వేసే ఉంది.”

అది నా భార్య పేపర్లు దిద్దుకునే గది. తలుపు పైబందు సడలి, కింద గచ్చుని గీరుతూ కీచుమంటుంది. బాగుచేయిస్తానని ఆవిడకి చెప్పి చెప్పి చివరికి చేయించనేలేదు. ఆ సంగతి అతనికి చెబుదామని లేచేలోపు అతను గుమ్మం దాటాడు.

తలుపు పట్టుకున్నాడు. కాస్త జరిపాడు, గీరుకోబోయింది, ఆగాడు. తలవంచి కిందికి కూడా చూడలేదు. కుడికాలు దానంతటదే ముందుకొచ్చింది. బొటనవేలు తలుపు కిందికి దూర్చి, దాన్ని ఒక్క గింజంత పైకెత్తి పట్టి, చప్పుడు లేకుండా మూసుకున్నాడు.